ఒకే తారీకు, రెండు మంటలు

(డిసెంబరు 25 సాయంత్రం ఒక దళితవాడలో చేసిన ప్రసంగ పాఠం)



పొద్దున చర్చిలో ఆరాధన అయ్యింది. పిల్లలు కొత్తబట్టలు కట్టుకున్నారు. ఇట్టాంటి పండగపూట చావుల మాట ఎందుకయ్యా అని పెద్దలు కొందరు మమ్మల్ని అడిగారు. అడగాల్సిన మాటే. దానికి జవాబు చెప్పడానికే మేం నిలబడ్డాం.

మన ఇళ్లల్లో గోడకున్న క్యాలెండరు చూడండి. అమావాస్య ఉంది, పౌర్ణమి ఉంది, రాహుకాలం, వర్జ్యం ఉన్నాయి. ఇవాళ్టి గడిలో క్రిస్మస్ అని ఉంది. ఇదే తారీకున మండిన రెండు మంటల గురించి మాత్రం ఒక్క ముక్క లేదు.

మొదటి మంట 1927 డిసెంబరు 25న మహాద్‌లో మండింది. అది బొంబాయికి దక్షిణాన కొంకణంలో ఉన్న చిన్న పట్నం. అక్కడ చవదార్ చెరువుంది. ఆ చెరువులో పశువులు తాగొచ్చు, మన మనిషి తాగకూడదు. చెరువు అందరిదీ అని 1924లోనే మునిసిపాలిటీ తీర్మానం చేసింది. కాగితం మీద చేసింది, అంతే. 1927 మార్చి 20న బాబాసాహెబ్ అంబేడ్కర్ వేలమందితో నడిచిపోయి ఆ నీళ్లు దోసిట పట్టి తాగారు. అగ్రకులాల వాళ్లు కర్రలతో మీదపడి కొట్టారు. తర్వాత చెరువు మైలపడిందని పేడ, మూత్రం కలిపి శుద్ధి చేసుకున్నారు! మనిషి తాగితే మైల, పేడ కలిపితే శుద్ధి!

డిసెంబరులో మనవాళ్లు మళ్లీ వచ్చారు. చెరువు తమ సొంతమని అవతలివాళ్లు కోర్టు నుంచి నిషేధపుటుత్తర్వు తెచ్చారు. సభకు జాగా దొరక్కపోతే ఒక ముస్లిం తన నేల ఇచ్చాడు. అక్కడే, 25వ తారీకు రాత్రి, మనల్ని పుట్టుకతోనే తక్కువవాళ్లని చెప్పిన మనుస్మృతిని తగలబెట్టారు. ఆ తీర్మానం పెట్టింది సహస్రబుద్ధే. ఆయన బాబాసాహెబ్ వెంట నడిచిన బ్రాహ్మడు. పోరాటం పుట్టుక మీద కాదు, పుట్టుకను సంకెల చేసిన ధర్మం మీద అని ఇక్కడే తెలుస్తోంది కదా! కాలింది పుస్తకం. ఒక్క మనిషికి కూడా సెగ తగల్లేదు. చెరువు కేసు మాత్రం పదేళ్లు నడిచింది. 1937 మార్చిలో బొంబాయి హైకోర్టు మనవైపు తీర్పు చెప్పింది. దోసెడు నీళ్లకు పదేళ్లు!

రెండో మంట 1968 డిసెంబరు 25 రాత్రిది. తమిళనాడులో అప్పటి తంజావూరు జిల్లా, కీళ్‌వెణ్మణి అనే పల్లె. అక్కడి దళిత కూలీలు ఎర్రజెండా సంఘం పెట్టుకున్నారు, వడ్ల కూలి ఇంకొంచెం పెంచమన్నారు. జెండా దించమన్నారు భూస్వాములు. కూలీలు దించలేదు. ఆ రాత్రి భూస్వాముల మూక పల్లె మీద పడింది. పరుగెత్తలేనివాళ్లు, ఆడవాళ్లు, పిల్లలు, ముసలివాళ్లు, ఒక చిన్న గుడిసెలో దూరారు. దానికి నిప్పు పెట్టారు. 44 మంది బూడిదయ్యారు.

కింది కోర్టు 1970లో పదిమంది భూస్వాములకు శిక్ష వేసింది. 1973లో మద్రాసు హైకోర్టు వాళ్లను వదిలేసింది. అంత ఆస్తిపరులు, కార్లున్న పెద్దమనుషులు, స్వయంగా నడిచొచ్చి గుడిసెలు తగలబెడతారంటే నమ్మలేమన్నట్టుగా రాసింది. డబ్బుండడమే సాక్ష్యమైపోయింది! మరి 44 మందిని కాల్చిందెవరు?

ఇది పరాయి రాష్ట్రం ముచ్చట అనుకోకండి. 1985 జులైలో కారంచేడులో తాగునీటి చెరువు దగ్గర గొడవ మొదలైంది. అడ్డం నిలబడింది బిందె చేతబట్టిన మన ఆడబిడ్డ. మర్నాడు మాదిగపల్లె మీద దాడి జరిగింది, ఆరుగురు బలయ్యారు. మహాద్ చెరువూ కారంచేడు చెరువూ ఒకటే కదా! 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిదిమంది దళితుల్ని చంపారు. చుండూరులోనే పెట్టిన ప్రత్యేక కోర్టు 2007లో 21 మందికి యావజ్జీవం వేసింది. 2014లో హైకోర్టు నేరం రుజువు కాలేదని అందరినీ వదిలేసింది.

అందుకే తారీకులు మనకు ఏడవడానికి కాదు, పట్టుకోడానికి. ఎవరు, ఎక్కడ, ఎన్నింటికి అని కోర్టు అడుగుతుంది. రాసిపెట్టుకోని నోరు ఆ ప్రశ్నకు తడబడుతుంది. మన ఊళ్లో బావి దగ్గర తిట్టినా, హోటల్లో గ్లాసు వేరే పెట్టినా, కూలి ఎగ్గొట్టినా, ఆ రోజే రాయండి. తారీకు, టైము, చూసినవాళ్ల పేర్లు రాయండి. చదువుకున్న పిల్లల చేత రాయించండి. పోలీసు స్టేషన్లో ఫిర్యాదు ఇస్తే ఎఫ్ఐఆర్ కాపీ అడిగి తెచ్చుకోండి. దానికి పైసా ఇవ్వనక్కర్లేదు, అది మన హక్కు.

పండగపూట ఈ మాట ఎందుకన్నారు పెద్దలు. ఆ గుడిసెలో కాలిన పిల్లల వయసువాళ్లు ఇప్పుడు మన ముందే కొత్తబట్టల్లో కూర్చుని ఉన్నారు, అందుకు. ఇవాళ ఇంటికి పోయి క్యాలెండరు దించండి. ఈ గడిలో పెన్సిలుతో రెండు పేర్లు రాయండి: మహాద్, కీళ్‌వెణ్మణి. తర్వాత మన ఊరి తారీకులు గుర్తు చేసుకుని ఒక్కొక్కటీ ఎక్కించండి. వచ్చే ఏడు ఇదే రోజు మళ్లీ కూర్చుందాం, ఆ క్యాలెండర్లు వెంట తెండి.

జై భీమ్!