చట్టమునకు ముందు ఇంటి గడప
(సంఘ సర్వసభ్య సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



తమిళనాట తరతరములుగా స్థిరపడిన మనము సంఖ్యలో కొలదివారము. బడిలో మాతృభాష కావలెనన్నను అర్జీ పెట్టవలసినదే, దాని వెంట తిరుగవలసినదే. కొలదివారి మొర ఎంత ఆలస్యముగా వినబడునో మనకు వేరొకరు చెప్పనక్కరలేదు. కావున మనకంటెను కొలదివారైన స్వలింగ ప్రేమికులను గూర్చియు, ట్రాన్స్‌జెండర్ వ్యక్తులను గూర్చియు నాలుగు మాటలు విన్నవింతుము. వారు పరాయివారు కారు. మనవంటి ఇండ్లలో పుట్టిన బిడ్డలే.

2014లో సుప్రీముకోర్టు, తమ లింగమును తామే నిర్ణయించుకొను హక్కు ట్రాన్స్‌జెండర్ వ్యక్తులకు కలదని చెప్పినది. 2018 సెప్టెంబరు 6న, వయోజనుల నడుమ పరస్పర సమ్మతితో నడచు స్వలింగ సంబంధము నేరము కాదని తీర్పు నిచ్చినది. 2019లో మద్రాసు హైకోర్టు మదురై ధర్మాసనము, తూత్తుకుడిలో ఒక పురుషునకును ట్రాన్స్‌జెండర్ స్త్రీకిని గుడిలో జరిగిన వివాహమును నమోదు చేయవలసినదని ఆజ్ఞాపించినది. హిందూ వివాహ చట్టములోని ‘వధువు’ అను మాట అట్టి స్త్రీకిని వర్తించునని వివరించినది.

కాని స్వలింగ జంటలకు వివాహ హక్కు ఇంకను లభింపలేదు. హైదరాబాదులో కాపురమున్న ఒక జంట మొదటి అర్జీదారులుగా నడచిన వ్యాజ్యములో, 2023 అక్టోబరు 17న ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనము, వివాహము ప్రాథమిక హక్కు కాదనియు, అట్టి చట్టము చేయుట శాసనకర్తల పని యనియు తేల్చినది. పునర్విచారణ అర్జీలు 2025 జనవరిలో త్రోసివేయబడినవి.

మేము వర్తకులము, మాకు తెలిసిన లెక్కలో చెప్పుదుము. ఇద్దరు పురుషులు భాగస్వామ్య పత్రము వ్రాసికొని కొట్టు పెట్టినచో చట్టము ఆ పొత్తును మన్నించును. వారే ఇరువది యేండ్లు ఒక కప్పు క్రింద కాపురము చేసినను, ఇల్లు ఎవరి పేర నున్నదో వారు వీలునామా లేక మరణించినచో రెండవవారు వారసులు కారు. కొట్టులో వాటా దక్కును, ఇంటిలో దక్కదు. ఇది న్యాయమా?

శాస్త్రము ఒప్పదని కొందరు పెద్దలు అందురు. వితంతు వివాహమునకును ఆ మాటయే అనిరి. 1856లో చట్టము వచ్చినను, రాజమహేంద్రవరమున వీరేశలింగము పంతులుగారు మొదటి వితంతు వివాహము జరిపించునప్పటికి 1881 వచ్చినది. చట్టమున్నను గడప తెరువని కాలమది. నేడు చట్టము రాకున్నను గడప తెరచుట మన చేతిలో నున్నది.

మన సంఘము చేయదగిన పనులు మూడు. మొదటిది: బిడ్డ మనసు విప్పి చెప్పినపుడు ఇల్లు వెడలగొట్టకుడు, బలవంతపు పెండ్లి చేయకుడు. ఆ పెండ్లిలో మరొక ఇంటి బిడ్డ బ్రతుకు కూడ చెడును. రెండవది: స్వలింగ జంటలు బ్యాంకులో ఉమ్మడి ఖాతా తెరచుటకును, ఒకరినొకరు నామినీగా వ్రాసికొనుటకును అడ్డు లేదని 2024 ఆగస్టులో కేంద్ర ఆర్థిక శాఖ తెలిపినది. రేషను కార్డులో వారిని ఒకే కుటుంబముగా చూడవలెనని రాష్ట్రములకు సూచన వెళ్లినది. ఈ కాగితములకును, వీలునామా వ్రాయించుటకును మన కార్యాలయము తోడ్పడవలెను. మూడవది: వివాహ చట్టమును కోరుచు మన పార్లమెంటు సభ్యునికి అర్జీ పంపవలెను. అర్జీ వ్రాయుట మనకు క్రొత్త విద్య కాదు.

సంతకముల పుస్తకమును కార్యదర్శిగారి బల్లపై నుంచితిమి. కార్యవర్గము తన సంతకములు చేసినది. తక్కినవి మీవి.