మట్టి క్రింది పల్లె, మరుగుపడిన దివాణము
(రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



మన గ్రంథాలయపు పండుగనాడు దూరదేశపు చిన్న పల్లె కథ నొకటి విన్నవించెదను. ఆ పల్లె నేడు లేదు. లేకపోవుటచేతనే దానికి కీర్తి వచ్చినది.

ఇంగ్లండు దేశమున యార్క్‌షైర్ ప్రాంతపు సుద్దరాతి కొండల నడుమ వార్రమ్ పెర్సీ యను గ్రామ ముండెడిది. 1086లో రాజాజ్ఞపై వ్రాయించిన భూముల లెక్కలలో వార్రమ్ పేరు కలదు. తరువాత పెర్సీ వంశమువారు ప్రభువు లగుటచే వారి పేరు ఊరి పేరునకు తోడైనది. అచ్చటి ప్రభువు నివాసమును మేనర్ అందురు. అది మన జమీందారు దివాణము వంటిది. దాని చెంత రైతుల యిండ్లు, పొలములు, చర్చి, చేపల చెరువు నుండెడివి.

1349లో ప్లేగు మహామారి ఆ ప్రాంతమును చుట్టుముట్టినది. ఊరు దానితోనే నశించెనని పలువురు తలచుట కలదు. అది నిజము కాదు. అటుపిమ్మట నూట యేబది సంవత్సరములు అచ్చట పొయ్యిలు వెలుగుచునే యుండెను. వాని నార్పినది రోగము కాదు, ఉన్నిపై ఆశ. ధాన్యము పండించుటకు పెక్కు చేతులు కావలెను. గొఱ్ఱెలను మేపుటకు ఒకరిద్దరు చాలుదురు. 1500 ప్రాంతమున చివరి కుటుంబములను వెడలగొట్టి, దున్నిన నేలను పచ్చికబయలు గావించిరి. పొరుగూళ్లవారు వచ్చుచుండుటచే చర్చి మాత్రము చాలకాలము నిలిచినది. 1959లో దాని గోపురమును కొంత కూలినది.

1948లో మోరిస్ బెరెస్‌ఫర్డ్ అను చరిత్రకారుడు ఆ పచ్చికలోని మిట్టపల్లములను చూచి, అవి వీధుల, ఇండ్ల గురుతులని గ్రహించెను. జాన్ హర్స్ట్ అను పురాతత్త్వజ్ఞుడు ఆయనతో చేరెను. 1950 మొదలు 1990 వరకు వేసవి వేసవికి త్రవ్వకములు సాగినవి. విద్యార్థులు, సామాన్యులు స్వచ్ఛందముగా పలుగు, పార పట్టిరి.

ఒక రైతు యింటి చోటు త్రవ్వుచుండగా, దాని క్రింద 12వ శతాబ్దపు దివాణపు రాతి గది బయటపడినది. ప్రభువు మేడ మట్టిలో కలిసిన పిమ్మట దానిపైననే రైతు ఇల్లు కట్టుకొనెను. తుదకు రెండింటిని ఒకే గడ్డి కప్పినది!

అయినను ఒక భేదము కలదు. ప్రభువుల పేళ్లు పత్రములలో నిలిచినవి. రైతుల బ్రతుకు నెఱుగుటకు మాత్రము నలువది యేండ్లు మట్టి త్రవ్వవలసివచ్చినది. కుండపెంకులే వారి పుస్తకములు, ఎముకలే వారి అక్షరములు.

సోదరులారా! మన ఊరి చెరువు నెవరు త్రవ్వించిరి? ఏ బావి యెన్నడు పూడినది? ఏ కుటుంబ మెచ్చటికి వలసపోయినది? ఇవి చెప్పగల పెద్దలు ఇంకను మన నడుమ నున్నారు. వారి మాటలు వ్రాసి యుంచుటకు ఈ గ్రంథాలయమున నేడే యొక తెల్లకాగితముల పుస్తకము తెఱువుడు. మన మనుమలు మనకొఱకు మట్టి త్రవ్వవలసిన పని లేకుండ చేయుడు.