రెండున్నర కిలోల బిడ్డ

 

పట్టాలందుకుంటున్న అమ్మాయిలూ, అబ్బాయిలూ, మీలో చాలామందికి త్వరలోనే ఇంట్లో పెళ్లి మాట వస్తుంది. అందుకే ఇవాళ పసిబిడ్డ బరువు గురించి మాట్లాడతాను. పుట్టిన బిడ్డ రెండున్నర కిలోలు తూగకపోతే తక్కువ బరువు కింద లెక్క. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో తూకం వేసిన బిడ్డల్లో నూటికి 18 మంది అలాంటివాళ్లే.

అదే సర్వే నాటికి ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 96 కాన్పులు ఆసుపత్రుల్లోనే జరిగాయి. వేళకాని వేళ గర్భిణిని వెంటబెట్టుకుని వెళ్లిన ఆశా కార్యకర్తలకు, రాత్రిళ్లు మేలుకున్న నర్సులకు ఆ ఘనత దక్కాలి. కానీ గర్భిణుల్లో సగానికి పైగా రక్తం తక్కువవాళ్లే. 20–24 ఏళ్ల స్త్రీలలో నూటికి 29 మందికి పద్దెనిమిది నిండకముందే పెళ్లయిపోయింది. కాన్పు ఆసుపత్రికి చేరింది గానీ, బిడ్డ బరువును తేల్చే తల్లి వయసు, తిండి, విశ్రాంతి ఇంకా ఇంటి పెద్దల చేతుల్లోనే ఉన్నాయి.

మన ఇళ్లలో జరిగేది మీకు తెలుసు. ఎక్కువ తింటే బిడ్డ లావై కాన్పు కష్టమవుతుందని గర్భిణికి ఒక ముద్ద తగ్గిస్తారు. అంగన్‌వాడీ గుడ్లు, పాలు ఇంటిల్లిపాదీ పంచుకున్నాక మిగిలిందే ఆమెకు. ఐరన్ మాత్రలు వికారం పుట్టిస్తాయని గూట్లో పడి ఉంటాయి. ఏడో నెలలోనూ నీళ్ల బిందె ఆమెదే.

ఈ లోటుకు ఖరీదుంది. కిలోన్నర బిడ్డను కర్నూలు పెద్దాసుపత్రిలో చేరిస్తే వైద్యం ఉచితమే. తండ్రి కూలి మాత్రం పోతుంది, రానూపోనూ ఖర్చులకు అప్పవుతుంది. ఆ బిడ్డకు పెద్దయ్యాక షుగరు, గుండెజబ్బు ముప్పూ ఎక్కువే.

1987–90లో హైదరాబాద్ దగ్గరి కొన్ని పల్లెల్లో గర్భిణులకు, చిన్నపిల్లలకు అదనపు ఆహారం పెట్టారు. పుట్టిన బిడ్డల బరువు సగటున 61 గ్రాములే పెరిగింది. అయితే 13–18 ఏళ్ల వయసులో ఆ పిల్లలను పరీక్షిస్తే, ఆహారం అందని పల్లెల పిల్లలకన్నా కాస్త పొడవున్నారు. షుగరుకు, గుండెజబ్బుకు దారితీసే లక్షణాలు తక్కువగా కనిపించాయి. గర్భిణికి పెట్టిన తిండి ఎన్నడూ వృథా పోదని నేను నమ్మడానికి ఆ పల్లెలే కారణం.

అబ్బాయిలూ, మీ ఇంట్లో గర్భిణి ఉంటే మూడో నెల దాటకముందే ఏఎన్ఎం దగ్గర పేరు రాయించండి, ఆమె గుడ్డు ఆమే తినేలా చూడండి. బిడ్డ చిన్నగా పుడితే ఛాతీకి హత్తుకుని వెచ్చగా ఉంచే పని తండ్రి కూడా చేయొచ్చు. అమ్మాయిలూ, పెళ్లికి ముందే రక్తపరీక్ష చేయించుకోండి. పద్దెనిమిది నిండని చెల్లెలికి సంబంధం వస్తే మీరంతా పెద్దల ఎదుట నోరు విప్పండి. మీ మాట చెల్లకపోతే పిల్లల సహాయ నంబరు 1098కి ఫోన్ చేయండి.