ఒకనాటి ఓరుగల్లు యాత్ర



ఒక్క దినములో ఓరుగల్లు కోటను, హనుమకొండ వేయిస్తంభముల గుడిని, పాలంపేట రామప్ప గుడిని చూపించి తిరిగి తెచ్చు యాత్రలు నేడు కలవు. నేనును అట్లే పోయితిని. కోటలో మార్గదర్శి నాలుగు శిలాతోరణములు చూపి పది నిమిషములిచ్చెను. ఫలహారమునకు మాత్రము ముప్పావు గంట! ఆ తోరణముల నడుమ స్వయంభూదేవుని మహాలయ ముండెడిదనియు, 1323లో కోట ఢిల్లీ సైన్యములకు చిక్కిన పిమ్మట అది కూలినదనియు చెప్పనేలేదు. ఆ గుడి నేలమీదనే మేము కబుర్లాడుచు నడచితిమి.

పాలంపేటలో రామప్ప యను శిల్పి కథను రసవత్తరముగా చెప్పెను. వినుటకు బాగుగనే యున్నది. కాని గుడిని కట్టించినవాడు గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడని 1213 నాటి శాసనము అచ్చటనే పలుకుచున్నది. 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వపు జాబితాకెక్కిన గుడి అది. దాని మాట దానినే చెప్పనిచ్చువారు లేరు. ముందుగా చదువుకొని పోకుండుట నా లోపమే.

మన గ్రంథాలయము పక్షమున యాత్ర సాగించునపుడు ఒక్క స్థలమే చాలును. వారము ముందే ఆ శాసనపాఠమును, దాని తాత్పర్యమును ఈ పఠనమందిరపు బల్లపై నుంచుదము. పాఠకులలో ఒకరు దానిని గుడి యెదుట బిగ్గరగా చదువవలెను. బస్సువాడు తొందరపెట్టినచో పెట్టనిండు.