లైఫ్ జాకెట్ నీళ్లలో పాడవదు, ఇంట్లోనే పాడవుతుంది!

ఈరోజు మనం ఆటోనగర్‌లో ఉన్నాం. వెనకాల సుత్తి మోతలు, వెల్డింగ్ శబ్దాలు వస్తూ ఉంటాయి, కొంచెం సర్దుకోండి. ఆటోలకి, లారీలకి సీట్లు కుట్టే షాపులో కూర్చుని మాట్లాడుతున్నా.

విషయం ఏంటంటే, మొన్న ఇక్కడికి ఒక కుర్రాడు చిరిగిన లైఫ్ జాకెట్ తెచ్చాడు. "అన్నా, లోపల ఫోమ్ అణిగిపోయింది. సీటు ఫోమ్ పెట్టి కుట్టెయ్, ఎంతవుద్ది?" అన్నాడు. మేస్త్రి అటూ ఇటూ తిప్పి చూసి, "కుట్టను తమ్ముడూ. సీటు ఫోమ్ నీళ్లు తాగుద్ది. ఇది నమ్ముకుని నువ్వు కృష్ణలో దిగితే ఆ పాపం నాకెందుకు?" అని తిరిగిచ్చేశాడు.

ఆయన చెప్పింది వంద శాతం కరెక్ట్. ఇదిగో బకెట్లో నీళ్లు. ఇది సీటు ఫోమ్ ముక్క. నీళ్లలో ముంచి పిండుతున్నా చూడండి... బుడగలు వచ్చేశాయి, నీళ్లు పట్టేసింది. ఇది పాత లైఫ్ జాకెట్ లోంచి తీసిన ముక్క. ఎంత నొక్కి వదిలినా పైకి వచ్చేస్తోంది. తేడా ఏంటి? సీటు ఫోమ్‌లో గాలి గదులు ఒకదానిలోకి ఒకటి తెరుచుకుని ఉంటాయి, స్పాంజి లాగా. లైఫ్ జాకెట్ ఫోమ్‌లో ప్రతి గదీ విడిగా మూసుకుని ఉంటుంది. లోపలి గాలి బయటికి పోదు, నీళ్లు లోపలికి రావు. మనల్ని తేల్చేది ఆ గాలే.

ఇదంతా మనకెందుకు అంటారా? 2017 నవంబర్ 12, కార్తీక మాసం ఆదివారం. పవిత్ర సంగమం దగ్గర పడవ తిరగబడి 20 మందికి పైగా చనిపోయారు. 2024 సెప్టెంబర్ 1న బుడమేరు పొంగి సింగ్ నగర్ మునిగింది. మర్నాడు ప్రకాశం బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులు దాటి వరద వచ్చింది. ట్యూబులు, థర్మాకోల్ షీట్లు పట్టుకుని జనం బయటపడటం మీరూ ఫోన్లో చూసే ఉంటారు. ఇంట్లో ఒక జాకెట్ ఉంటే మంచిదే. కానీ అవసరం పడ్డ రోజున అది పనిచేయాలి కదా!

మరి జాకెట్ ఎలా పాడవుద్ది? మొదటి శత్రువు బరువు. మంచం కింద పెట్టి పైన సూట్‌కేసులు పేర్చడం, పడవలో దాన్నే దిండులా వేసుకుని కూర్చోవడం. నెలల తరబడి నొక్కుకుపోతే ఆ గాలి గదులు చితికిపోతాయి. ఫోమ్ పలచబడితే తేల్చే బలం కూడా తగ్గిపోద్ది.

రెండోది వేడి. మన బెజవాడ మే నెల సంగతి తెలిసిందేగా. రేకుల షెడ్డు అటక మీద, ఎండలో నిలబెట్టిన కారు డిక్కీలో అస్సలు పెట్టొద్దు.

మూడోది ఎండ. గుడ్డ రంగు వెలిసింది అంటే దారం, బెల్టులు కూడా బలం తగ్గుతున్నాయని అర్థం. నాలుగోది పెట్రోలు, ఆయిలు. ఆటోనగర్ వాళ్లకి చెప్పక్కర్లేదు, పెట్రోలు తగిలిన రబ్బరు ఏమవుద్దో మీకే బాగా తెలుసు. జాకెట్ ఫోమ్‌కీ అది పడదు. మరక పోవట్లేదని పెట్రోలుతో తుడవకండి.

సరే, ఎలా చూసుకోవాలి? వాడిన రోజే మంచినీళ్లతో కడగండి. మంగినపూడి బీచ్‌కి వెళ్లొస్తే ఉప్పు పోయేదాకా కడగాలి. వరద నీళ్లయితే అందులో డ్రైనేజీ కూడా కలిసి ఉంటుంది, చేతులకి గ్లౌజులు వేసుకుని సబ్బు నీళ్లతో మెత్తటి బ్రష్ పెట్టి రుద్దండి. బకిల్‌లో, జిప్‌లో ఇరుక్కున్న ఒండ్రు మట్టి పోవాలి. వాషింగ్ మెషీన్ వద్దు, బ్లీచింగ్ వద్దు, ఇస్త్రీ అసలే వద్దు.

తర్వాత వెడల్పాటి హ్యాంగర్‌కి తగిలించి నీడలో, గాలి తగిలే చోట ఆరబెట్టండి. పైన ఆరినట్టే ఉంటుంది, లోపల తడి ఉంటుంది. పూర్తిగా ఆరకుండా కవర్లో కట్టేస్తే బూజు పడుతుంది. ఆరాక ఇంట్లో మేకుకి అలాగే వేలాడదీయండి. మడత పెట్టొద్దు. ఎలుకలు బెల్టులు కొరక్కుండా చూసుకోండి.

ఇప్పుడు అసలైన టెస్ట్. జాకెట్ లేబుల్ మీద 50 న్యూటన్ అనో 100 న్యూటన్ అనో ఉంటుంది. 50 అంటే సుమారు 5 కిలోల బరువుని తేల్చే బలం, 100 అంటే సుమారు 10 కిలోలు. నీళ్లలో మన ఒళ్లు చాలావరకు తనే తేలుతుంది, తల పైకి ఉంచడానికి ఇంకో కొన్ని కిలోల బలం కావాలి. అది ఇచ్చేదే జాకెట్.

ఏడాదికి ఒకసారి, వానాకాలం ముందు, ఒక పెద్ద డ్రమ్ములో నీళ్లు పోయండి. 50 జాకెట్‌కి 5 కిలోలు, 100 జాకెట్‌కి 10 కిలోల ఇనుము కట్టి వదలండి. రాత్రంతా ఉంచండి. నీళ్లలో ఇనుము బరువు ఎనిమిదో వంతు తగ్గుద్ది కాబట్టి బాగున్న జాకెట్ ఈజీగా మోయాలి. తెల్లారేసరికి మునిగిపోయి ఉంటే, ఇక దాని పని అయిపోయినట్టే. తేలితే మాత్రం కొత్తదానితో సమానం అనుకోకండి. కుట్లు, బెల్టులు, బకిల్స్ గట్టిగా లాగి చూడండి. ఒక్కటి ఊడినా వద్దు.

పాడైన జాకెట్‌ని పాతసామాన్ల వాళ్లకి వేయొద్దు, ఎవరికీ దానం చేయొద్దు. బెల్టులు కత్తిరించి, ఫోమ్ ముక్కలు చేసి పారేయండి. లేకపోతే అది ఇంకెవరి పిల్లాడి ఒంటి మీదకో చేరుతుంది.

ఆ కుర్రాడు చివరికి ఏం చేశాడంటారా? కాసేపు బేరం ఆడాడు, తర్వాత మేస్త్రి ఇదే బకెట్ చూపించాక కొత్తది కొనుక్కుంటానని వెళ్లాడు. పాతది ఇక్కడే వదిలేశాడు. ఇందాక నేను నొక్కిన ముక్క దాంట్లోదే.

మీ ఇంట్లో జాకెట్ ఉంటే ఈ ఆదివారం తీసి చూడండి. ఏం తేలిందో కామెంట్‌లో చెప్పండి. మళ్లీ కలుద్దాం. ఉంటానండి.