నీళ్లలో పేలితే ఓడకేమవుతుంది?

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

మిత్రులారా, విశాఖలో ఏం ఉద్యోగం చేశావని పొద్దుటినుంచి చాలామంది అడిగారు. యుద్ధనౌకల్లో పంపులు, కరెంటు ప్యానెళ్లు బిగించే దిమ్మెల డిజైను నా పని. సముద్రంలో మైను పేలినా ఆ పంపు ఆగకూడదు.

కట్టలేరులో తూటా పేల్చి చేపలు పట్టడం నా చిన్నప్పుడు చూశాను. తప్పుడు పనే, అయినా ఒడ్డున నిలబడి చూశాను. దూరంగా ఉన్న చేప కూడా వెల్లకిలా తేలేది, ఒంటిమీద గాయం ఉండేది కాదు. నీళ్లు గాలిలా సులువుగా అణగవు. దెబ్బను సెకనుకు సుమారు 1500 మీటర్ల వేగంతో మోసుకుపోతాయి. అది చేప కండను దాటిపోయి లోపలి గాలితిత్తిని పగలగొడుతుంది. ఓడంటే పెద్ద గాలితిత్తే అనుకోండి.

1939 నవంబరులో బ్రిటిష్ నౌక బెల్‌ఫాస్ట్ కింద జర్మన్ మైను పేలింది. అడుగున చిల్లు చిన్నదే. కానీ కీల్ అనే అడుగు దూలం వంగింది, యంత్రాలు పగిలాయి. మళ్లీ నౌకాదళంలో చేరేసరికి 1942 వచ్చింది.

మొదటి దెబ్బతో అయిపోదు. పేలుడు వాయువు పెద్ద బుడగలా ఉబ్బి, కుంచించుకుని, మళ్లీ ఉబ్బుతుంది. అది సరిగ్గా ఓడ నడుం కింద జరిగితే నడుం ముందు పైకి లేస్తుంది, ఆపైన కింద నీటి ఆసరా తప్పి కుంగుతుంది. ఇనుప తీగను అటూ ఇటూ వంచి తెంపుతాం చూడండి, అలా. 2010లో దక్షిణ కొరియా నౌక చెయోనాన్ ఇలాగే రెండు ముక్కలైందని అంతర్జాతీయ దర్యాప్తు తేల్చింది. 46 మంది నావికులు పోయారు. మన విశాఖ రేవు ముందు 1971 డిసెంబరు 3-4 రాత్రి పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగింది. దేనివల్ల పేలిందన్న వాదన ఇంకా నడుస్తోంది. లోపలివాళ్లు ఒక్కరూ బతకలేదు.

నా తప్పొకటి చెప్పాలి. పోత ఇనుప బ్రాకెట్ ఉన్న పంపు డ్రాయింగు మీద ఒకసారి నేనే సంతకం పెట్టాను. పోత ఇనుము బరువు మోస్తుంది, కుదుపును ఓర్చదు. షాక్ పరీక్షలో బ్రాకెట్ పుటుక్కున విరిగి పంపు పక్కకెగిరింది. అక్కడ ఎవరూ లేరు. అదే ఓడలో అయితే డ్యూటీలో ఒక కుర్రాడు దాని పక్కనే నిలబడి ఉండేవాడు. వారం రోజులు నాకు నిద్ర పట్టలేదు. తర్వాత ఉక్కు బ్రాకెట్ వేశాం, కింద స్ప్రింగు దిమ్మెలు పెట్టాం, పంపు ఊగడానికి చుట్టూ జాగా వదిలాం, గట్టి పైపు బదులు వంగే గొట్టం తగిలించాం.

ఆ విరిగిన ముక్కను సంచిలో తెచ్చాను. సైన్సు గదికోసం హెడ్మాస్టరు గారికి ఇస్తున్నాను. పిల్లల చేతికివ్వండి సార్. విరిగిన చోట బూడిద రంగులో, గరుకుగా ఉంటుంది.