మా తాత జపమాల, ఇళ్ల లెక్క

ఈ ఎపిసోడ్‌లో గెస్ట్ ఎవరూ లేరు. మా తాత గురించి నేనే మాట్లాడతాను. పేరు మాత్రం చెప్పను. మైకులో తన పేరు వినపడితే ఆయన లేచి వెళ్లిపోయే రకం.

మాది జువ్వలదిన్నె. నెల్లూరు జిల్లా, బోగోలు మండలం. ఫిషింగ్ హార్బర్ వచ్చాక మీలో కొందరికి ఈ పేరు తెలిసుంటుంది. అంతకుముందు "కావలి దగ్గర" అంటేనే అర్థమయ్యేది.

తాత కేథలిక్. ఆదివారం పూజకి సైకిల్ మీద వెళ్లేవాడు, వానొచ్చినా సరే. రాత్రి జపమాల అయ్యేదాకా ఆయనకీ అన్నం లేదు, మాకూ లేదు. ఆకలికి నేను మంగళవార్త జపాలు గబగబా చెప్పేస్తుంటే, "ఏందబ్బయా, బస్సేమన్నా పోతుందా?" అనేవాడు.

ఆయన విన్సెంట్ డి పాల్ సభలో మెంబరు. 1833లో పారిస్‌లో ఒజానం అనే స్టూడెంట్ ఫ్రెండ్స్‌తో కలిసి మొదలుపెట్టిన సభ అది. అప్పటికి అతనికి 20 ఏళ్లు, అంటే మన వయసే. ఆ సభలో ముఖ్యమైన పని పేదవాళ్ల ఇంటికి స్వయంగా వెళ్లడం. వాళ్లు మన దగ్గరికి వచ్చేదాకా కూర్చోకూడదు. తాత దాన్ని గట్టిగా పట్టుకున్నాడు. వలలు బాగుచేసే పని అయ్యాక పాలెంలోకి పోయేవాడు. ఎవరు మంచాన పడ్డారు, ఎవరికి చెవులు వినపడవు, ఎవరికి నెలలు నిండాయి, అన్నీ ఒక నోట్‌బుక్‌లో రాసేవాడు. అందులో మతం కాలమ్ లేదు.

ఇక 1989. నేనప్పటికి పుట్టలేదు, ఇది అవ్వ చెప్పింది. గే అనే తుపాను థాయిలాండ్ గల్ఫ్‌లో పుట్టింది. అక్కడ సీక్రెస్ట్ అనే డ్రిల్లింగ్ షిప్పును తలకిందులు చేసి 91 మందిని పొట్టన పెట్టుకుంది. నవంబరు 4న ఆ దేశం దాటి, అండమాన్ సముద్రం మీదుగా వచ్చి, 8, 9 తేదీల మధ్య రాత్రి కావలి దగ్గర తీరం దాటింది. అంత దూరం నుంచి నేరుగా మా మీదికే!

తుపాను వస్తోందని రేడియోలో చెప్పారు. కానీ జనం కదల్లేదు. పడవ, వల, మేక వదిలేసి ఎక్కడికి పోతారు? పైగా అంతకుముందు రెండుమూడుసార్లు తాత మాట విని పోయి, ఏమీ రాక, తిట్టుకుంటూ తిరిగొచ్చినవాళ్లే. ఆ రోజు మళ్లీ తిట్లు తింటూ తలుపు తలుపూ కొట్టాడు. చేతిలో జపమాల. "ఇప్పుడు కూడా జపమేనా అని కోపమొచ్చింది నాకు. తీరా చూస్తే ఇళ్లు లెక్కపెట్టుకుంటున్నాడు. ఇంటికొక పూస" అంది అవ్వ. ఆ కోపం ఆమెకి ఇప్పటికీ పూర్తిగా పోలేదు. ఇద్దరు చిన్న పిల్లల్ని తీసుకుని ఆమె ఒక్కతే బడి దగ్గరికి నడిచింది. మా ఇంటి కప్పు ఆ రాత్రి లేచిపోయింది. నన్నడిగితే అవ్వదే న్యాయం.

ఒక ముసలాయన మాత్రం రానన్నాడు. తాత మూడుసార్లు పోయాడు. నాలుగోసారి గాలి పోనివ్వలేదు.

మాకు నవంబరు 2 ఆత్మల పండగ. సమాధులు కడిగి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగిస్తాం. తాత ఎప్పుడూ ఒకటి ఎక్కువ తెచ్చేవాడు. దాన్ని గోడ పక్కన ఇసుకలో, సమాధి లేని చోట పెట్టేవాడు. ఎవరికని అడిగితే చెప్పేవాడు కాదు. తాత చనిపోయిన రోజు అవ్వ చెప్పింది, ఆ ముసలాయనకని. ఆయన మన మతం కూడా కాదు.

2004లో సునామీ వచ్చింది. డిసెంబరు 26, క్రిస్మస్ మర్నాడు, ఆదివారం. అప్పటికి మన దేశంలో సునామీ హెచ్చరిక కేంద్రమే లేదు, హైదరాబాద్‌లో అది 2007లో వచ్చింది. ఆ రోజు తాత నోట్‌బుక్కు ఉన్నా టైమే లేకపోయింది. ఆ సంగతి ఆయన మాట్లాడేవాడు కాదు.

ఇప్పుడు తుపానంటే ముందు ఫోనే మోగుతుంది. మంచిదే. పోయినసారి అలర్ట్ రాగానే నేను తాత నోట్‌బుక్ తీశాను. అందులో చాలామంది లేరు. కొత్త పేజీలో పేర్లు రాద్దామని మొదట అవ్వ పేరు రాశాను. ఆమె చూసి, "కొట్టెయ్, నేను నడవగలను. ముందు మూలింటి చెవుడాయన పేరు రాయి" అంది.

రాశాను. సరే ఫ్రెండ్స్, ఉంటాను.